వరదకి రెండు జామకాయలు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక టీవీ. నవ్వకండర్రా, ఉంది. అడవిలో అతిథి గృహం ఉన్నాక, దాని వాచ్‌మన్ గురవయ్య గదిలో టీవీ ఉండదా మరి? గురవయ్య అన్నం వండుకుంటూ సీరియల్ చూస్తాడు. తింటూ వార్తలు చూస్తాడు. చెయ్యి కడుక్కుని ఫోన్‌లో ఆటలాడతాడు.

ఈ వైభోగం జంతువులు చూడకుండా ఊరుకుంటాయా? కానీ గది కిటికీ అంచు మీద ఒక్కరికే చోటు, అదీ బుల్లివాళ్లకే. అందుకని అందరూ కలిసి తుర్రి అనే ఉడుతను పైకెక్కించారు. లోపల జరిగేది తుర్రి చూడాలి, కింద కూర్చున్నవాళ్లకు చెప్పాలి. అదీ ఒప్పందం.

మొదట్లో తుర్రి బుద్ధిగానే చెప్పేది. ఒకరోజు మాత్రం మాటవరసకి, "ఆ హీరో మీసం అచ్చం కొబ్బరి పీచులా ఉంది" అంది. కిందనున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు తుర్రికి భలే రుచించింది. కథ చెప్పాలంటే చెవులు రిక్కించి వినాలి. అభిప్రాయం చెప్పడానికి నోరుంటే చాలు. ఇంకేముంది, కథలు మానేసి అభిప్రాయాలు మొదలుపెట్టింది. మార్కులు కూడా వేసేది, అయిదు జామకాయలకి ఇన్ని అని.

ఒక సాయంత్రం ముళ్లపంది సూరమ్మ ఆత్రంగా అడిగింది. "ఏమే తుర్రీ, సీరియల్లో తప్పిపోయిన పిల్ల దొరికిందా?"

"పిల్ల సంగతి నాకేం తెలుసు గానీ, అత్తా, ఆ అత్తగారు ఏడుస్తుంటే చెవులకి జూకాలు ఎలా ఊగాయనుకున్నావ్! పడుకున్నా నగలు తియ్యదు కాబోలు. ఒకటిన్నర జామకాయ."

అందరూ నవ్వారు. సూరమ్మ కూడా నవ్వింది. ఇంటికెళ్లాక మాత్రం ఆ పిల్ల ఏమైందో తెలియక తెగ దిగులుపడింది.

ఇంకో సాయంత్రం ఎలుగుబంటి భద్రయ్య అడిగాడు. "గురవయ్య ఫోన్‌లో ఆడే గోడలు దూకే ఆట ఎలా ఉందే?"

"చిన్నపిల్లల ఆట, బాబాయ్. కళ్లు మూసుకుని దూకెయ్యొచ్చు. రెండున్నర జామకాయలు."

ఆటలో మనిషి దూకిన ప్రతిసారీ బోర్లా పడుతున్నాడు. గురవయ్య తల బాదుకుంటున్నాడు. తుర్రి అదేం చూడలేదు. మర్నాడు భద్రయ్య కళ్లు మూసుకుని చీమల పుట్ట మీంచి దూకాడు. పుట్టకేం కాలేదు. భద్రయ్య మూతి బూరెలా వాచింది. ఆ మూతితోనే సాయంత్రం వచ్చి మళ్లీ నవ్వాడు. పాపం, మంచివాడు.

మూడోసారి వచ్చింది ముత్తెమ్మ అనే కుందేలు. ముత్తెమ్మ బొరియ వాగు ఒడ్డున ఉంది. బొరియ నిండా బుల్లి పిల్లలు. ఎక్కడో ఎగువన తెగ వానలు పడుతున్నాయని కొంగలు చెబితే, భయపడి పరుగెత్తుకొచ్చింది.

"తుర్రీ, వార్తల్లో వానల గురించి ఏమంటున్నారమ్మా?"

లోపల టీవీలో ఒకతను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మాట్లాడుతున్నాడు. గాలికి అతని గొడుగు తిరగబడింది. తుర్రికి ఆ గొడుగు తప్ప ఇంకేమీ కనబడలేదు, వినబడలేదు.

"గొడుగు తిరగబడి సాంబారు గిన్నెలా అయిపోయింది వదినా. అయినా మనిషి కదలడు. ఏం నటన, ఏం నటన!"

"నటన సరేనమ్మా. ఏ వాగు అంటున్నాడు?"

"ఏదో వాగులే. వార్తలవాళ్లకి అలవాటేగా, చిటికెడు జరిగితే చాటెడు చెబుతారు. అంతా బిల్డప్పు. రెండు జామకాయలు, పో."

అందరూ ఘొల్లుమన్నారు. ముత్తెమ్మ ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎండ కాసింది. తుర్రి తోక ఊపుకుంటూ కిటికీ ఎక్కింది. లోపల టీవీ లేదు. బయట గురవయ్య దాన్ని దుప్పట్లో చుట్టి గుట్ట మీదికి మోస్తున్నాడు. మోస్తూనే ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు. "మన వాగేనండీ. పైన ఆనకట్ట గేట్లు ఎత్తేశారట. మధ్యాహ్నంలోపు ఒడ్డంతా మునుగుతుందని నిన్న వార్తల్లో చెప్పారుగా."

 తుర్రికి ముత్తెమ్మ పిల్లలు కళ్లముందు మెదిలారు. వెంటనే వాగు దారి పట్టింది. దారిలో బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. "ఇప్పుడే కొత్త వార్త వచ్చిందంటే సరి. నిన్న నేను విననే లేదని ఎవరికీ తెలియదు. నా కిటికీ నాకుంటుంది."

అలాగే చెప్పింది. "వదినా, కొత్త వార్త! వరద వస్తోంది, పద."

ముత్తెమ్మ నవ్వింది. "ఇవాళ ఎన్ని జామకాయలేమిటి?"

"హాస్యం కాదు వదినా, చాలా పెద్ద వరదట."

"నిన్న నువ్వేగా బిల్డప్పన్నావు. ఎండ చూడు ఎలా కాస్తోందో. ఇప్పుడే పిల్లల్ని పడుకోబెట్టాను, గోల చెయ్యకు."

తుర్రి వాగు వైపు చూసింది. నీళ్లు ఎర్రబడి పెరుగుతున్నాయి. ఇక దాచడానికి వీల్లేదు.

"వదినా, నిన్న నేను వార్త విననే లేదు. గొడుగు చూసి నవ్వించాను. మన వాగు పేరే చెప్పారట. ఏమీ తెలుసుకోకుండానే నీకు ధైర్యం చెప్పేశాను. నన్ను తర్వాత తిట్టు, ముందు పిల్లల్ని లేపు."

ముత్తెమ్మ దాని ముఖం చూసింది. గబుక్కున బొరియలోకి దూకింది. తుర్రి కేకలు పెడితే భద్రయ్య, సూరమ్మ పరుగెత్తుకొచ్చారు. భద్రయ్య పిల్లల్ని వీపు మీద కూర్చోబెట్టుకుని గుట్ట ఎక్కాడు. కళ్లు మాత్రం బాగా తెరుచుకునే ఎక్కాడు. అందరూ పైకి చేరారో లేదో, వాగు బుసకొడుతూ వచ్చి ఒడ్డుని మింగేసింది. బొరియ ఉన్న చోట సుడి తిరుగుతోంది.

ముత్తెమ్మ అటు చూసింది. "నిన్నే చెప్పుంటే గడ్డి పరుపైనా తెచ్చుకునేదాన్ని కదే" అంది. తుర్రి తలవంచుకుంది.  ముత్తెమ్మ ముక్కు తుడుచుకుని, "పిల్లలు దక్కారు. దా, ఇలా కూర్చో" అని పక్కకి జరిగింది.

అప్పుడు భద్రయ్య వీపు మీది కుందేలు పిల్ల ఒకటి కిందికి తొంగిచూసి అడిగింది. "తుర్రత్తా, వరద ఎలా ఉంది?"

అందరూ తుర్రి వైపు తిరిగారు. భద్రయ్యకి అప్పుడే నవ్వొచ్చేస్తోంది. తుర్రి నోరు తెరిచింది. మూసింది. రెండు చెవులూ నిక్కించి వాగు వైపు తిరిగి కూర్చుంది.

"ఉండమ్మా, ఇంకా చూస్తున్నాను. మొత్తం చూశాక చెబుతాను."

నీతి: సరిగ్గా చూడకుండా, వినకుండా అభిప్రాయం చెప్పకూడదు, మన మాట నమ్మి నడిచేవాళ్లు ఉంటారు.