మల్లీశ్వరి అడిగిన మాట

చెన్నకేశవకు ఒళ్ళు మండిపోతోంది. నెలల తరబడి నిద్ర మానుకుని చేసిన పని ఒక్క మనిషి ప్రశ్న దగ్గర ఆగిపోయింది మరి.

వాళ్ళది ఏదో కంపెనీ చేతిలో ఉండే సోషల్ మీడియా కాదు. ఒక్కో చోటివాళ్ళు ఒక్కో సర్వర్ నడుపుకుంటారు. ఎవరి సర్వర్ వాళ్ళదే, కానీ ఒకచోట రాసింది అన్నిచోట్లా కనిపిస్తుంది. అందులోకి కావలసిన హంగులు కూడా వాడేవాళ్ళే చేసుకుంటారు. కొత్తది చేర్చాలంటే ముందు అందరి మధ్యా చర్చకు పెట్టాలి. ఎంతమంది ఔనన్నా సరే, ఏ ఒక్కరు అడిగినదానికైనా జవాబు చెప్పందే చేర్చకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది ప్రొద్దుటూరు దస్తగిరి సారు. కేశవకు ప్రోగ్రామింగు నేర్పిందీ ఆయనే.

కేశవ చేసినదాని పేరు దొంతి. మనిషి పాత రాతలు, ఫొటోలు, ఇష్టపడి దాచుకున్నవి అన్నీ ఒకచోట ముచ్చటగా పేర్చి పెడుతుంది. చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. చేనేతవాళ్ళ చిన్న సర్వర్ నడిపే మల్లీశ్వరి మాత్రం, "రేపు మేము ఇంకో సర్వర్‌కు మారితే దొంతిలోవి మా వెంట తీసుకుపోవచ్చా?" అని అడిగింది.

తీసుకుపోయే వీలు లేదు. అసలా సంగతే కేశవకు తట్టలేదు. జవాబు చెప్పకపోతే దొంతి మూలన పడినట్టే. తప్పు ఒప్పుకోవడానికి మనసు రాక, ఆమె కోడిగుడ్డు మీద ఈకలు పీకుతోందని సారు ఇంటికి వచ్చి మొత్తుకున్నాడు.

"ఇంత బాగుంటే ఎవరన్నా ఎందుకు పోతారు సార్?"

సారు అతన్ని లోపల కూర్చోబెట్టారు. కూలరు వేశారు. ప్లేటు నిండా బొరుగుల ఉగ్గాని, పక్కన బజ్జీలు తెచ్చి పెట్టారు. ప్రొద్దుటూరు ఎండ సంగతి చెప్పేదేముంది, కేశవకు ప్రాణం లేచొచ్చింది. తింటూ ఉండమని చెప్పి సారు బయటికి నడిచారు. తలుపు దగ్గరికి వేసి, బయట గడియ పెట్టారు.

ఆ చప్పుడుకు కేశవ చేయి ఆగింది. ప్లేటు పక్కన పెట్టాడు. ఆ పూట అతనికి బయట పనేమీ లేదు. అయినా లేచి తలుపు లాగి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. కూర్చోబుద్ధి కాక మళ్ళీ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. సారు అరుగు మీద తీరిగ్గా వక్కాకు నములుతున్నారు.

"సార్, గడియ పడింది."

"పడలేదు, నేనే పెట్టినా. లోపల ఏమన్నా తక్కువైందా?"

"లేదు సార్."

"బయట పనుందా?"

"లేదు."

"మరి కిటికీ కాడ ఏం చేస్తాండావు నాయనా?"

కేశవ వెనక్కి తిరిగి ప్లేటు వైపు చూశాడు. ఊచ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇందాక తనన్న మాటే గుర్తొచ్చి సిగ్గేసింది.

సారు లేచొచ్చి గడియ తీసి, తలుపు బార్లా తెరిచారు. కేశవ బయటికి పోలేదు. వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని, అడిగింది న్యాయమేనని, తీసుకుపోయే దారి పెట్టేదాకా దొంతిని చేర్చనని మల్లీశ్వరికి రాశాడు. ఆ వెంటనే పని మొదలుపెట్టాడు. ఒక చేత్తో కీబోర్డు కొడుతూనే, చల్లారిన ఉగ్గాని ఒక్క బొరుగు మిగల్చకుండా తినేశాడు.

సారు గడప దగ్గర నిలబడి చూస్తున్నారు.

"తలుపు తీసినా కదా, పోలేదేం?"

కేశవ తలెత్తకుండానే ఖాళీ ప్లేటు ఆయన వైపు జరిపాడు.

"ఇంకొంచెం ఉంటే పెట్టండి సార్."