ఎస్తేరు పేరు మీద

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు హైమావతికి లేదు. ఆ ప్రశ్నను ఇంకొక్కసారి, ఈసారి నెమ్మదిగా, అడగమనేది. మొదటిసారి అడిగేది లోకం మెచ్చే ప్రశ్న. రెండోసారికి చాలామంది తమ అసలు ప్రశ్న అడిగేవారు. దానికీ ఆమె నేరుగా జవాబు చెప్పేది కాదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో కొందరికి ఇది విసుగు పుట్టించేది. అలా విసుక్కున్న మగవాళ్లలో ముగ్గురు ఈ ఇరవై ఆరేళ్లలో ఆమెకు పై అధికారులయ్యారు. ఆమెను మాత్రం అందరూ గౌరవంగా సీనియర్ అని పిలిచేవారు. పదవి ఇవ్వడం ఇష్టం లేనప్పుడు గౌరవం ఇవ్వడం మన కార్యాలయాల్లో పాత పద్ధతే.

ఆమె పనిచేసేది బాలానగర్‌లో పంపులు తయారుచేసే కర్మాగారంలో. మెషిన్లు నడిచే షాపు పక్కన అద్దాల గది ఒకటి ఉంటుంది. షాపులో ఇనుమును కోసే, రంధ్రాలు వేసే మెషిన్లకు సొంత బుద్ధి లేదు. అద్దాల గదిలో కూర్చున్నవాళ్లు ప్రోగ్రాంలో ఏ అంకె రాస్తే అవి అంత దూరం వెళతాయి, అంత లోతు దిగుతాయి. ఆ అంకెలు రాయడమే గదిలోవాళ్ల పని. స్వరూప సంగారెడ్డి పాలిటెక్నిక్‌లో చదివి ఆ గదిలో చేరి పదకొండు నెలలైంది. వచ్చే నెలతో ఏడాది నిండుతుంది. అప్పుడు ఆమెను పర్మినెంటు చేస్తూ వచ్చే కాగితం మీద సెక్షన్ అధికారి విద్యాసాగర్ సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం ఇంట్లో తల్లి శనివారాలు ఉపవాసం ఉంటున్న సంగతి స్వరూప ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే గదిలోకి కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. ఏ ఫైలును ఎవరు తెరిచారో, ఏ అంకె తీసి ఏ అంకె పెట్టారో, ఎన్ని గంటలకు పెట్టారో అది రాసిపెట్టుకుంటుంది. మార్చినందుకు కారణం రాయనిదే ముందుకు కదలనివ్వదు. ఎవరి పేరుతో వాళ్లే లోపలికి వెళ్లాలని నోటీసు అంటించారు. మూడో రోజు పొద్దున్నే విద్యాసాగర్ స్వరూప దగ్గరికి వచ్చి, తన పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొడితే తాళం పడిపోయిందని, అది తీయించాలంటే పై ఆఫీసుకు ఉత్తరం రాయాలని వాపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. మాట మెత్తన. స్వరూపకు జ్వరం వచ్చిన రోజు తన బండి మీద బస్టాపు దాకా దింపినవాడు. "నీదే పొద్దున ఒకసారి తెరిచి పెట్టెయ్ బిడ్డా, ఎట్లాగూ నువ్వే కదా అందరికన్నా ముందొచ్చేది," అన్నాడు. ఆడపిల్ల ముందొచ్చి కంప్యూటర్లు వెలిగిస్తే అది ఆమె అలవాటు. మగవాడు తీరిగ్గా వచ్చి వాటి ముందు కూర్చుంటే అది ఆయన అనుభవం. స్వరూప తెరిచి పెట్టింది.

మధ్యాహ్నం మగవాళ్లందరూ కాంటీన్‌కు వెళ్లాక హైమావతి, స్వరూప గదిలోనే టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. స్వరూప అడిగింది: "ఒక్క రూంలో కూర్చునేవాళ్లం, ఒకరి మీద ఒకరికి ఇంత అనుమానమైతే పనెట్ల నడుస్తది మేడం?"

హైమావతి చారు పోసుకుంటూ, మళ్లీ అడగమంది.

స్వరూప కాసేపు అన్నం కలిపింది. "సారు అడిగితే కాదని ఎట్ల చెప్పాలె మేడం?" అంది.

హైమావతి ఎస్తేరు సంగతి చెప్పింది.

పన్నెండేళ్ల కిందట ఇదే గదిలో ఆరుగురు పనిచేసేవారు. జహీరాబాద్ నుంచి వచ్చిన ఎస్తేరు అనే అమ్మాయి, మిగతా ఐదుగురు. ఆ ఐదుగురిలో హైమావతి ఉంది, అప్పటికి కొత్తగా చేరిన విద్యాసాగరూ ఉన్నాడు. మెషిన్లకు ప్రోగ్రాం పంపే కంప్యూటర్ ఒక్కటే ఉండేది. అందరికన్నా ముందు ఎస్తేరు వచ్చి తన పేరుతో దాన్ని తెరిచేది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మూసి తమ పేరుతో తెరవడానికి బద్ధకించి, అలాగే కూర్చుని పని చేసుకునేవారు. రోజంతా ఎవరు ఏం మార్చినా ఆమె పేరు మీదే పడేది. ఎస్తేరమ్మ గారి సత్రం, ఎవరైనా దిగొచ్చు అని నవ్వుకునేవారు. ఎస్తేరు కూడా నవ్వేది. నవ్వకపోతే ఈ పిల్లకు పొగరంటారని ఆమెకు తెలుసు.

ఒక గురువారం పంపు మూత ప్రోగ్రాంలో ఒక అంకె మారింది. రంధ్రం వేసిన టూలు పైకి లేచి, పక్కకు జరిగి, ఇంకో రంధ్రం మీద దిగుతుంది. అలా లేచే ఎత్తు యాభై మిల్లీమీటర్లని రాసి ఉండేది, ఎందుకంటే మూతను బిగించి పట్టే ఇనుప క్లాంపులు నలభై ఎత్తున నిలబడి ఉంటాయి. ఎవరో ఆ యాభైని ఐదు చేశారు. టూలు అంత ఎత్తు లేవడం దండగ, సమయం మిగులుతుందని అనుకుని ఉంటారు. క్లాంపులు గుర్తుకు రాలేదు. మధ్యాహ్నం ఆ మూతను మెషిన్ మీద ఎక్కించి నడిపినవాడు జంగయ్య. టూలు వెళ్లి క్లాంపుకు కొట్టుకుని విరిగింది. మెషిన్ తలుపు తెరిచి ఉంది. తలుపు తెరిస్తే మెషిన్ ఆగిపోయే ఏర్పాటును, పని వేగం తగ్గుతోందని, ఎవరో ఎప్పుడో తీసేయించారు. దానికీ ఎక్కడా సంతకం లేదు. విరిగిన ముక్క జంగయ్య కుడి కంట్లోకి వెళ్లింది.

స్వరూప చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆ జంగయ్యను ఆమె ఎరుగును. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చిపోయేవాళ్ల సంచులు చూసేవాడు. మాట్లాడేవాళ్ల వైపు మొహం పూర్తిగా తిప్పేవాడు. పోయిన చలికాలంలో గుండెపోటు వచ్చి చనిపోయాడు.

విచారణకు ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారని హైమావతి చెప్పింది. వాళ్ల ముందు ఒక్క కాగితం ఉంది. కంప్యూటర్ రాసిపెట్టుకున్న పట్టిక. పదకొండు నలభైకి యాభై అనే అంకె ఐదుగా మారింది, పక్కన ఎస్తేరు పేరు. ఆ వేళకు తాను గదిలోనే లేనని ఎస్తేరు చెప్పింది. ఎక్కడున్నావని అడిగారు. సొంత పని మీద బయటికి వెళ్లానంది. ఏం సొంత పని అని అడిగారు. ఆడవాళ్ల బాత్‌రూము కాంటీన్ వెనక ఉండేది, వెళ్లి రావడానికి పావుగంట. నెలలో మూడు రోజులు ఇంకా ఎక్కువ. కర్మాగారం కట్టినప్పుడు ఇందులోకి ఆడవాళ్లు వస్తారని ఎవరికీ తోచలేదు. వచ్చాక కూడా తోచలేదు. బల్లకు అటువైపు ముగ్గురు మగవాళ్లు, ఇటువైపు తలవంచుకున్న ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. ఆమె జవాబు చెప్పలేకపోయింది. వాళ్లు నివేదికలో ఇలా రాశారు: కంప్యూటర్‌ను తెరిచి వదిలేసి, చెప్పడానికి ఇష్టపడని పని మీద సీటు విడిచి తిరిగినట్టు ఆమె ఒప్పుకుంది. అంకె మార్చిన తప్పూ ఆమెదే అయింది, మార్చినప్పుడు అక్కడ లేకపోవడమూ ఆమె తప్పే అయింది. రెండూ ఒకే కాగితం మీద ఎలా ఇమిడాయని ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

"ఆ ఫైలును ఆ రోజు పదింటికి నేను కూడా తెరిచాను," అంది హైమావతి. "ఏమీ మార్చలేదు, చూసి మూశాను. పదకొండున్నరకి తను చిన్న సంచి తీసుకుని లేవడం చూశాను. ఎక్కడికో నాకు తెలుసు. నన్నెవరూ పిలవలేదు. పిలవకపోతే నువ్వే వెళ్లొచ్చు కదా అని నువ్వు అడగొచ్చు. అడుగు."

స్వరూప అడగలేదు.

అంకె మార్చిందెవరో ఇప్పటికీ తెలియదని ఆమె చెప్పింది. మార్చినవాళ్లకైనా తెలుసో లేదో. రోజుకు నలభై ఫైళ్లు సవరించే చోట, ఒక సున్న తీసేసిన వేలికి ఆ సంగతి సాయంత్రం దాకా గుర్తుండదు. పేరు రాయాల్సి వచ్చి ఉంటే, రాసే ఆ క్షణమైనా చెయ్యి ఆగి క్లాంపులు గుర్తొచ్చేవేమో. ఆగాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఎస్తేరును రాజీనామా చేయమన్నారు, చేసింది. ఉద్యోగం పోయినందుకు ఆమె ఎక్కువ ఏడవలేదు. జంగయ్యకు ఒక్క మాట చెప్పాలని మాత్రం పట్టుబట్టింది. నెల తర్వాత హైమావతిని తోడు రమ్మని అడిగింది. ఇద్దరూ చింతల్‌లో జంగయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. కంటికి కట్టు ఇంకా విప్పలేదు. భార్య టీ పెట్టింది. ఎస్తేరు గ్లాసు కింద పెట్టి, "అన్నా, ఆ నంబరు నేను..." అని మొదలుపెట్టింది. ఆయన ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"వద్దు చెల్లె, చెప్పకు. నేనెప్పుడో మాఫ్ చేసిన. చిన్నపిల్లవు, చెయ్యి జారింది. నువ్వు మనసుల పెట్టుకోకు."

భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా ఇంటాయన కన్ను పోయినా మనసు పోనియ్యలేదమ్మా అంది. ఆ ఇంట్లో ఆ రోజుకు మిగిలిన పెద్ద వస్తువు ఆ క్షమ ఒక్కటే. అది నాకు చెందదని ఎస్తేరు అంటే, ఆ మనిషి చేతిలో ఇంకేమీ ఉండదు. పైగా క్షమించినా ఒప్పుకోని మొండిదని పేరు. ఎస్తేరు టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత సరే అన్నా అంది. ఆ ఒక్క మాటతో, చేయని పనిని తన నోటితోనే తన పేరున రాసుకుంది.

బస్టాపులో ఇద్దరూ నిలబడ్డారు. అప్పుడు ఎస్తేరు అడిగింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

"కనీసం అక్కడైనా నువ్వు చెప్పొచ్చు కదా అక్కా."

బస్సు వచ్చింది. ఎస్తేరు ఎక్కింది. హైమావతి ఎక్కలేకపోయింది.

పోయిన చలికాలం జంగయ్య శవం దగ్గరికి ఎస్తేరు వచ్చిందట. ఇప్పుడు పటాన్‌చెరు వైపు ఏదో బడిలో లెక్కలు చెబుతోంది. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే బంధువులెవరో పక్కవాళ్లకు చూపించారు, ఈమెనే ఆమె అని. ఎంత గొప్ప మనిషో చూడు, ఈమెను కూడా మాఫ్ చేసిండు అని. ఆమె లోపలికి వెళ్లి, ఆ మనిషి కాళ్ల దగ్గర పూలు పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇక చెప్పడానికి అటువైపు మనిషి కూడా లేడు.

హైమావతి డబ్బా మూత పెట్టింది. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని ఏమీ చెప్పలేదు. స్వరూప తన డబ్బాలో సగం అన్నం అలాగే మిగిల్చి, కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. చేతులు కడుక్కుంది. ఇంట్లో తల్లి గుర్తొచ్చింది. సంతకం పడకపోతే ఆమె మొహం ఎలా ఉంటుందో గుర్తొచ్చింది. బస్టాపులో నిలబడిన, తానెన్నడూ చూడని ఒక అమ్మాయి కూడా గుర్తొచ్చింది.

తిరిగి వచ్చేసరికి విద్యాసాగర్ కాంటీన్ నుంచి వచ్చి ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. ఏదో ఫైలు తెరిచి ఉంది. తెర పైన మూలకు చిన్న అక్షరాల్లో స్వరూప అని ఉంది. ఆయన ఒక అంకె చెరిపి ఇంకోటి కొట్టబోతున్నాడు. వెనక హైమావతి వచ్చి తన సీటు దగ్గర నిలబడింది, కూర్చోలేదు.

స్వరూప కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది. ఒక్క నిమిషం లేవమంది. తన పేరు మూసేస్తానంది. తాళం తీయించమని పై ఆఫీసుకు ఉత్తరం తానే టైపు చేసి ఇస్తాననీ, అప్పటిదాకా ఏ మార్పు కావాలన్నా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే తాను ఎక్కిస్తాననీ అంది.

ఆయన నవ్వాడు. రెండు నిమిషాల పనికి ఇంత తతంగమా బిడ్డా అన్నాడు. ఆమె కదల్లేదు. ఒక తెల్లకాగితం, పెన్ను ఆయన ముందు పెట్టింది. నవ్వు తగ్గింది. వచ్చే నెల కాగితాల సంగతి ఏదో అనబోయి, అనకుండా మింగేశాడు. మింగిన ఆ మాట గదిలో ఇద్దరికీ వినబడింది. చివరికి ఆయన కుర్చీ తిప్పి హైమావతి వైపు చూశాడు. మొహంలో నిజమైన నొప్పే ఉంది.

"ఏం మేడం, పిల్లకు ఏం నేర్పుతున్నరు? నేనేమన్నా దొంగనా?"

"ఆ గురువారం కూడా ఈ గదిలో దొంగలెవరూ లేరు, విద్యాసాగర్," అంది హైమావతి.