పిసరు తాగిన పాలు

అనగనగా ఒక అడవి. వానలు మొదలయ్యాయంటే ఆ అడవిలో నేల ఆరడానికి మూడు నెలలు పట్టేది. అక్కడ వాగు ఒడ్డున, పిడుగు పడి నిలువునా ఎండిపోయిన నల్లమద్ది చెట్టు ఒకటి ఉండేది. దాని తొర్రలో ఒక పిల్లి ఉండేది. ఒళ్ళంతా ఎర్రమట్టి రంగు. అందుకే అందరూ దాన్ని జేగురు అని పిలిచేవాళ్ళు.

జేగురుకి పిల్లల్లేవు. దానికంటూ ఉన్నది ఒక్క అక్క. ఆ అక్క ఒక రోజు వేటకు వెళ్ళి, వాగు దాటబోయి, వరదలో కొట్టుకుపోయింది. ఇవతలి ఒడ్డున పొదలో దాని పిల్లలు మూడు మిగిలాయి. కళ్ళు తెరిచాయి గానీ నెల కూడా నిండలేదు. జేగురు వాటిని ఒక్కొక్కటిగా మెడ దగ్గర కరిచి పట్టుకుని తన తొర్రకు తెచ్చుకుంది. నుదుట తెల్లమచ్చ ఉన్నది బొట్టు. నల్లగా ఉన్నది మసి. అన్నిటికంటే చిన్నది పిసరు.

"పిన్నీ, అమ్మేదీ?" అని అడిగింది పిసరు.

ఏం చెబుతుంది? "పడుకో తల్లీ" అని దాని వీపు నాకింది జేగురు.

పడుకోమంటే పడుకుంటాయా? ఆకలి. మూడూ కలిసి ఏడుపు. జేగురు దగ్గర పాలెక్కడివి? అది వానలోకి వచ్చి నిలబడి అటూ ఇటూ చూసింది.

అప్పుడే ఒక మేక అటుగా వచ్చింది. మందలోంచి తప్పిపోయిన మేక అది. దాని పిల్లను తోడేలు ఎత్తుకుపోయి రెండు రోజులైంది.

"చెల్లీ, నా పొదుగు సలుపుతోంది. తాగేవాళ్ళు లేరు. నీ పిల్లల్ని పంపు" అంది మేక.

ఆ మాట వినగానే జేగురుకి ప్రాణం లేచొచ్చింది. మూడు పిల్లలూ పొట్టలు డప్పుల్లా బిగిసేదాకా తాగాయి. మర్నాడు పొద్దునకల్లా మూడింటికీ నీళ్ళ విరేచనాలు. తొర్ర అంతా తడి, వాసన.

కొంగ వచ్చి తొంగి చూసింది. "మేక పాలు పిల్లికి పడతాయా? చేప పెట్టు. నేనిస్తాను" అని చేప పేగులు తెచ్చి పడేసింది. పిల్లలు ఆత్రంగా తిన్నాయి. సాయంత్రానికి కక్కేశాయి.

ముంగిస వచ్చింది. "చేప వేడి చేస్తుంది వదినా. కడుపుకు గుడ్డు సొన మంచిది" అని ఎక్కడో దొంగిలించిన గుడ్డొకటి దొర్లించుకొచ్చింది. గుడ్డుతో ఒక పూట బాగానే ఉన్నట్టు కనిపించింది. జేగురు ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ మొదలు.

అలా పది రోజులు. ఒకరు చెప్పింది పడకపోతే ఇంకొకరు చెప్పింది. బల్లి, కప్ప, మళ్ళీ పాలు. పిల్లల వెన్నెముకలు నాకితే నాలుకకు తగిలేలా తేలాయి. పొట్టలు మాత్రం ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. బొట్టు ఆడడం మానేసింది. మసి మూలన ముడుచుకుని మూలుగుతోంది. పిసరు తోక కింద తోలు ఎర్రగా పుండైంది. జేగురు ఎంత నాకి శుభ్రం చేసినా మళ్ళీ అంతే.

ఆ చెట్టుకు కొంచెం దూరంలో, రాళ్ళ సందున ఒక ముసలి పునుగుపిల్లి ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. పదకొండో రోజు అదే వచ్చి తొర్ర ముందు కూర్చుంది.

"వాసన నా రాళ్ళదాకా వస్తోంది. ఏం పెడుతున్నావు?" అని అడిగింది.

జేగురు అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "ఏం పెట్టినా పడడం లేదవ్వా. ఇంకేం పెట్టను?"

"అదే నీ తప్పు. ఇంకేం పెట్టను అంటున్నావు. రోజుకొకటి మారిస్తే ఆ చిన్న కడుపు దేనికి అలవాటు పడాలి?" అంది అవ్వ. పిసరు మెడ మీది తోలును పళ్ళతో మెల్లగా పట్టి లేపి వదిలింది. తోలు వెంటనే దిగలేదు. కాసేపు ముడతగానే నిలబడి, ఆ తర్వాత దిగింది. అవ్వ ముఖం ముడుచుకుంది. "చూశావా? ఒంట్లో నీళ్ళు ఇంకిపోతున్నాయి. జాగ్రత్తగా విను. చిట్టెలుక మాంసం. కొవ్వు తీసేసి, నువ్వే మెత్తగా నమిలి, గోరంత ముద్ద పెట్టు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేలోపు ఆరుసార్లు. పాల జోలికి పోవద్దు. నీళ్ళు మాత్రం ఎన్నిసార్లు తాగితే అన్నిసార్లు తాగనీ. పడక తడిస్తే వెంటనే మార్చు. ఏడు రోజులు ఇదే. ఇంకేదీ వద్దు."

"గోరంతేనా? ఆకలికి ఏడుస్తారవ్వా."

"ఏడుస్తారు. ఏడవనీ" అని లేచి వెళ్ళిపోయింది అవ్వ.

జేగురు అలాగే చేసింది. వానలో తడుస్తూ చిట్టెలుకల కోసం తిరిగింది. ఎండుటాకులు వెతికి తెచ్చి పడక మార్చింది. మొదటి రోజు గడిచింది. రెండో రోజు విరేచనాలు కాస్త తగ్గాయి. మూడో రోజు బొట్టు లేచి నాలుగడుగులు వేసింది. కానీ ఏడుపు ఆగలేదు. "ఇంకొంచెం పిన్నీ, ఇంకొంచెం" అని మూడూ దాని కాళ్ళ చుట్టూ తిరిగేవి.

చెట్టు కొమ్మ మీద రెండు గొరవంకలు కూర్చుని అదంతా చూస్తున్నాయి.

"అయ్యో, ఎలా ఏడుస్తున్నారో చూడు" అంది ఒకటి.

"సొంత పిల్లలైతే అలా మాడ్చేదా? అక్క బిడ్డలు కాబట్టి గానీ" అంది రెండోది.

గొరవంకలకు ఒకచోట అన్న మాట పదిచోట్ల చెప్పందే తోచదు. సాయంత్రానికల్లా ఆ మాట అడవంతా తిరిగింది. జేగురు వేటకు వెళ్తే కుందేళ్ళు చూసి గుసగుసలాడాయి. ముంగిస ఎదురుపడి పలకరించకుండా తప్పుకుంది. జేగురుకి ఆ రోజు ఎలుక దొరికినా, నోట పట్టుకుని నడుస్తున్నంతసేపూ 'నేను మాడుస్తున్నానా? అక్క చూస్తే ఏమనుకునేది?' అని అదే ఆలోచన.

నాలుగో రోజు మధ్యాహ్నం మేక మళ్ళీ వచ్చింది.

"చెల్లీ, పిల్లలు ఆకలితో ఉన్నారని విన్నాను. నా దగ్గర ఇంకా పాలున్నాయి" అంది. పాపం, దాని మనసులో ఏ చెడూ లేదు.

పిసరు తల ఎత్తింది. "పిన్నీ, ఒక్క గుక్క" అంది.

జేగురు వద్దు అనబోయింది. పైకి చూసింది. కొమ్మ మీద గొరవంకలు రెండూ మెడలు చాచి చూస్తున్నాయి. కుందేళ్ళు పొదలోంచి చూస్తున్నాయి.

"తాగండి. కడుపునిండా తాగండి" అంది జేగురు, అందరికీ వినబడేలా.

"ఇప్పటికి మనసొచ్చింది" అన్నాయి గొరవంకలు. జేగురుకి ఆ మాట చల్లగా తగిలింది. దాని మీదున్న బరువు దిగినట్టయింది. అది కాసేపే.

పొద్దు వాలకముందే మూడింటికీ మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. అందులో పిసరు కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. విరేచనం నీళ్ళలా వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ. జేగురు నీళ్ళు తాగిద్దామని చూస్తే పెదవుల మీదనుంచి కారిపోయాయి. తెల్లవారేసరికి దాని చెవులు, పాదాలు చల్లబడ్డాయి. జేగురు దాన్ని పొట్ట కింద పెట్టుకుని వెచ్చగా పొదువుకుంది. మెడ మీది తోలు పట్టి లేపింది. ముడత అలాగే నిలబడింది. దిగలేదు.

"పిన్నీ, పాలు తియ్యగా ఉన్నాయి" అంది పిసరు. అది చివరిసారి మాట్లాడిన మాట అదే.

వాన పడుతూనే ఉంది. జేగురు వాగు ఒడ్డున ఇసుకలో గుంట తవ్వింది. తవ్విన కొద్దీ నీళ్ళు ఊరాయి. ఇంకొంచెం ఎత్తుకు వెళ్ళి, రాళ్ళ పక్కన మళ్ళీ తవ్వింది. అవి ముసలవ్వ రాళ్ళు. అవ్వ బయటికి వచ్చి తనూ తవ్వింది.

మట్టి కప్పాక జేగురు అంది: "నువ్వు చెప్పావవ్వా. నాకు తెలిసే ఇచ్చాను. పిసరు అడిగిందని కాదు. వాళ్ళు చూస్తున్నారని ఇచ్చాను."

అవ్వ తడిమట్టిని పాదంతో అదిమింది. తర్వాత మెల్లగా అంది: "ఈ రాళ్ళ పక్కన నా పిల్లలు నలుగురున్నారు. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో నాకెలా తెలిసిందనుకున్నావు? వెళ్ళు. నీకింకా ఇద్దరున్నారు."

జేగురు వెళ్ళింది. లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది. మేక వస్తే ఎదురు వెళ్ళి, "వద్దక్కా. నీ పాలు మంచివే. నా పిల్లలకు పడవు" అని చెప్పింది. మేక కళ్ళ నీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. గొరవంకలు ఈసారి ఇంకా గట్టిగా అరిచాయి. "ఒకదాన్ని చంపింది చాలక!" అన్నాయి. జేగురు తల ఎత్తలేదు. ఎలుకను నములుతూ కూర్చుంది.

అన్నిటికంటే కష్టం మసితో. "నువ్వు మా అమ్మవి కాదు. అందుకే పెట్టవు" అని అది అరిచి, నేల మీద పడి దొర్లింది. జేగురుకి ఆ మాట గొరవంకలు అంటే ఒక రకం, మసి అంటే ఒక రకం. అయినా ముద్ద గోరంతే పెట్టింది. నీళ్ళ దగ్గరికి మాత్రం పదిసార్లు తీసుకెళ్ళింది.

ఐదో రోజు విరేచనాలు ఆగాయి. ఏడో రోజు రెండు పిల్లలూ బయటికి వెళ్ళి, మట్టి గీరి, బుద్ధిగా కప్పి వచ్చాయి. జేగురు వెళ్ళి చూసింది. గట్టిగా, మామూలుగా ఉంది. అక్కడే కూలబడింది. తర్వాత కూడా తొందరపడలేదు. ఎలుక మాంసంలో రవ్వంత బల్లి మాంసం కలిపి, నాలుగు రోజులు చూసి, మరికాస్త కలిపి, అలా అలవాటు చేసింది.

బొట్టు బలంగా పెరిగింది. మసికి మాత్రం కడుపు ఎప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. కొంచెం ఎక్కువ తిన్నా నొప్పే.

వానలు పోయాయి. చలికాలమూ పోయింది. పిల్లలు పెద్దవయ్యాయి. బొట్టు తన దారి తాను వెతుక్కోవాల్సిన రోజు వచ్చింది. వెళ్ళబోతూ ఆగింది.

"పిన్నీ, ఒకటి అడగనా? పిసరు ఆకలితో చచ్చిపోయిందని గొరవంకలు అంటాయి. నువ్వు తిండి పెట్టలేదట. నిజమేనా?"

నిజమే అని ఊరుకోవచ్చు. నిజం కాదు అని కూడా ఊరుకోవచ్చు. జేగురు రెండూ చెయ్యలేదు.

"ఆకలితో కాదు. మీ కడుపులు బాగుపడుతున్నప్పుడు, పాలు పడవని తెలిసీ నేనే తాగమన్నాను. నలుగురూ నన్ను చెడ్డదనుకుంటారని భయపడ్డాను. అందుకే పోయింది" అంది.

బొట్టు చాలాసేపు దాని ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది. అది మళ్ళీ ఆ ఒడ్డుకు రాలేదు.

మసి కూడా అంతా విన్నది. తొర్ర ముందే కూర్చుని ఉంది.

"నువ్వూ వెళ్ళాలంటే వెళ్ళు తల్లీ" అంది జేగురు.

మసి దగ్గరికి రాలేదు. కానీ పొద్దు గూకేదాకా అక్కడి నుంచి కదలనూ లేదు.

నీతి: పసిబిడ్డకు ఏది పడుతుందో చూసి పెట్టాలి, చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని పెట్టకూడదు.