లావు బారా, సన్న బారా

సంయుక్త కారు కింద పడుకుని ఉంది. హైదరాబాద్ శివార్లలో, మూతపడ్డ గోదాముల ముందున్న పెద్ద సిమెంటు మైదానం అది. మిగతా డ్రైవర్లంతా భోజనాలు ముగించి నీడ వెతుక్కుంటుంటే, ఆమె మాత్రం వీపు కింద అట్టముక్క వేసుకుని, మొహం మీద రాలుతున్న మట్టిని ఊదుకుంటూ, ఒక నట్టుతో కుస్తీ పడుతోంది.

ఆమె సమస్య ఒక ఇనుప కడ్డీ. మలుపులో కారు పక్కకు ఒరిగిపోకుండా ముందు చక్రాలు రెంటినీ కలిపి పట్టుకునే ఆ కడ్డీని స్వే బార్ అంటారు. కంపెనీవాళ్లు ఇచ్చేది ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లి రావడానికి సరిపోతుంది. పోటీలకు వెళ్లేవాళ్లు దాన్ని పీకేసి, బయట దొరికే గట్టిది వేసుకుంటారు. ఎంత గట్టిది అన్న దగ్గరే మొదలవుతుంది గొడవ. లావుది వేస్తే కారు ఒరగదు గానీ మలుపు లోపలివైపు చక్రం నేలను వదిలేసి ఊరికే తిరుగుతుందని కొందరు. సన్నది వేస్తే చక్రం నేలను పట్టుకుంటుంది గానీ బండి పడవలా ఊగుతుందని ఇంకొందరు. సంయుక్త అందరి మాటా విన్నది. అందరి మాటా విన్నవాళ్లకు ఏమవుతుందో ఆమెకూ అదే అయింది. బార్లు మార్చడం తప్ప వేరే పని లేకుండా పోయింది.

ఆటోక్రాస్‌లోకి వచ్చిన కొత్తలో ఆమె బాగా నడిపేది. మైదానంలో కోన్లు పెట్టి, వాటికి తగలకుండా తిరిగి రమ్మని ఒక్కొక్క కారునే వదిలి, గడియారం పట్టి చూసే ఆ పోటీలో కంపెనీ బార్‌తోనే కప్పులు తెచ్చుకుంది. తర్వాత తెలివి పెరిగింది, పరుగు పాడైంది. ఈ సీజనంతా ఈడ్చుకుంటూ వచ్చింది. ఇవాళ్టిది ఆఖరి రౌండు. మొదటి ముగ్గురిలో ఉంటే ఫైనల్స్‌కి వెళ్తుంది. లేకపోతే హెల్మెట్ అటక మీద పెట్టేస్తానని తనకు తనే చెప్పుకుంది. కోపంతో చెప్పుకున్న మాట కాదు. ఇక ఓపిక లేదు, అంతే.

పొద్దున రెండు పరుగులూ పోయాయి. రెండుసార్లూ ఒకే మలుపులో, గోదాముల మూల దగ్గర, కారు తిరగకుండా నేరుగా బయటికి జారిపోయి కోనును కొట్టింది. మిగిలింది ఒక్క పరుగు. అందుకే ఇప్పుడున్న సన్న బార్ ఊడదీసి, వెంట తెచ్చుకున్న లావు బార్ వేద్దామని కారు కింద దూరింది.

అట్టముక్క పక్కన పాత తోలుచెప్పులు వచ్చి ఆగాయి. జలాలుద్దీన్ ఉస్తాద్. ఆమెకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఒకప్పుడు ర్యాలీలు తోలిన మనిషి. ఇప్పుడు మోకాలు అరిగిపోయి, శిష్యుల పరుగులు చూడటానికి మాత్రం వస్తుంటాడు.

"ఉస్తాద్, మీరే చెప్పుండ్రి," కింద నుంచే అడిగింది. "లావుదా, సన్నదా?"

ఆయన కారు మీద చెయ్యి ఆనించి, వంగి కిందికి చూశాడు.

"నాతోని అయితలేదు ఉస్తాద్. అలిసిపోయిన. ఏదో ఒకటి చెప్పుండ్రి, అదే ఏస్త."

"ఆ స్పానర్ ఇటియ్యి బిడ్డా."

పెద్దాయన తనే బిగిస్తాడు కాబోలనుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయి, స్పానర్ బయటికి అందించింది. ఆయన అందుకుని, వెనక్కి తిరిగి, కుంటుకుంటూ నడిచిపోయాడు.

ఆమె పాక్కుంటూ బయటికి వచ్చేసరికి ఆయన స్టార్టింగ్ గీత దాటి కోన్ల మధ్యకు వెళ్లిపోయాడు. భోజన విరామంలో ట్రాక్ తెరిచే ఉంచుతారు. పరుగుకు ముందు దాన్ని కాళ్లతో నడిచి చూసుకోవడం ఈ ఆటలో రివాజు. కొత్తవాళ్లు తప్పక నడుస్తారు. సంయుక్తలాంటి పాతకాపులు ఆ టైములో కారు కింద ఉంటారు.

స్పానర్ వేరేవాళ్లనడిగితే దొరకదని కాదు. కానీ గురువు చేతిలోంచి లాక్కోలేదు, ఆయన్ను ఎండలో వదిలేసి ఇంకొకరిని అడగనూలేదు. ఒళ్లు మండిపోతుండగా వెనకాలే వెళ్లింది.

"ఉస్తాద్, టైం లేదు!"

ఆయన వినిపించుకోలేదు. ఆ మోకాలితో ఆయన నడక నడక కాదు. ప్రతి కోను దగ్గరా ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు. వచ్చిన దారి చూస్తాడు, వెళ్లాల్సిన దారి చూస్తాడు. ఆమె కూడా ఆగాల్సి వస్తుంది. మొదట్లో మాటిమాటికీ వాచీ చూసుకుంది. తర్వాత దానిమీద కూడా విసుగొచ్చి మానేసింది. చేసేదేమీ లేక ఆయన చూసినవైపే చూడటం మొదలుపెట్టింది.

గోదాముల మూలకు వచ్చేసరికి ఆయనకు నడవడం చేతకాలేదు. నేలమీదే కూలబడ్డాడు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి రెండు గుక్కలు తాగి, మిగిలినవి చేతుల్లో పోసుకుని మొహం కడుక్కున్నాడు.

ఆమె కూడా పక్కనే చతికిలబడింది.

"ఈడనే ఉస్తాద్. పొద్దుగాల సంది ఈడనే. ముందు చక్రాలు నా మాట ఇంటలేవు."

"నువ్వేం చెప్పినవ్ వాటికి?"

కసురుకున్నట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

ఏం చెప్పాను? సంయుక్త ఆలోచించింది. ఫుల్ స్పీడులో వచ్చి స్టీరింగ్ తిప్పాను. తిరగలేదు. ఇంకా తిప్పాను. ఇంకా తిరగలేదు. మళ్లీ తిప్పాను. తల దించుకుంది.

తల దించుకోవడం మంచిదైంది. ఉస్తాద్ మొహం కడుక్కున్న నీళ్లు సిమెంటు మీద పారుతున్నాయి. మలుపు లోపలికి కాదు, బయటికి. వాననీళ్లు పోవడానికి గోదాములవాళ్లు ఎప్పుడో పెట్టిన వాలు అది. కారులో కూర్చుంటే తెలియనంత కొంచెం. నీళ్లు తిన్నగా వెళ్లి, పొద్దున ఆమె కొట్టిన కోను మొదట్లో చేరాయి.

ఆమె చాలాసేపు ఆ తడినే చూస్తూ కూర్చుంది.

మైకులో నంబర్లు పిలవడం మొదలైంది. ఉస్తాద్ ఆమె భుజం పట్టుకుని లేచి, స్పానర్ చేతిలో పెట్టాడు. వదులు చేసిన ఒక్క నట్టూ తిరిగి బిగించడానికే టైముంది. లావు బార్ గుడ్డలో చుట్టింది చుట్టినట్టే ఉండిపోయింది.

ఆఖరి పరుగులో గోదాముల మూల చాలా దూరం ఉండగానే ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. ఇంత ముందుగానా అని చూసేవాళ్లు పెదవి విరిచారు. స్టీరింగ్ కొంచెమే తిప్పి, అక్కడే ఉంచింది. కారు కాస్త ఒరిగింది, నేలను పట్టుకుంది, తిరిగింది. అప్పుడు తొక్కింది. కోను కదల్లేదు.

మూడో స్థానం. బోర్డు మీద పేరు చూసి ఆమె గంతులేమీ వెయ్యలేదు. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. గోదాము నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఉస్తాద్ దగ్గరికి వచ్చి, పక్కన కూర్చుని, ఆయన మోకాలు నొక్కసాగింది.

వినీల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నిన్నమొన్నటి కుర్ర డ్రైవరు. ఆమె వల్ల నాలుగో స్థానానికి దిగి, ఫైనల్స్ పోగొట్టుకున్నది అతనే.

"అక్కా, కంగ్రాట్స్. ఏ బార్ ఏసినవ్?"

"ఉన్నదే."

"చెప్పక్కా, ప్లీజ్. లావుదే కదా?"

"ఉన్నదే వినీల్."

అతను నమ్మలేదు. దాచిపెడుతోందనుకుని మొహం మాడ్చుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తచ్చాడి, మెల్లగా ఆమె కారు దగ్గరికి వెళ్లి, ఫోను లైటు వేసుకుని, వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు.

సంయుక్తకు జాలేసింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ మలుపు చూపించాలనిపించింది. లేవబోయింది.

ఉస్తాద్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఉండనియ్ బిడ్డా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "వాడింకా అలిసిపోలే."