ఎనిమిదో కుర్చీ

సాంబమూర్తి మాస్టారిని ఎవరేం అడిగినా ముందు "అలాగే" అంటారు. ఆయన కాదంటే భయపడక్కర్లేదు. ఓ గంట వాదించి గెలవొచ్చు. అలాగే అన్నారంటే మాత్రం, మన కోరిక మన నెత్తినే పెట్టి, దాన్ని దించుకోలేక మనం అవస్థపడేదాకా పక్కన కూచుని చూస్తారన్నమాట. చీరాలలో ఆయన దగ్గర పద్యం నేర్చుకున్నవాళ్ళందరం ఆ 'అలాగే' రుచి చూసినవాళ్ళమే. ఊర్మిళ వంతు మొన్న వేసవిలో వచ్చింది.

ఊర్మిళ ఎమ్మే తెలుగు చదువుతోంది. మాస్టారి శిష్యుల్లో ఆఖరుది, మొహమాటం లేకుండా చెప్పాలంటే అందరిలోకీ గట్టిది. అష్టావధానం చేస్తుంది. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం అదేమిటో కాస్త చెబుతాను. అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ళు, కూచుంటారు. ఒకరు ఫలానాదాన్ని వర్ణించమంటారు, ఒకరు నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటారు, ఒకరు ఈ అక్షరం వాడకు, ఆ అక్షరం వాడకు అని అడుగడుగునా అడ్డుపడతారు. అవధాని ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెప్పుకుంటూ చుట్టూ తిరిగి, నాలుగు చుట్లలో పద్యాలు పూర్తి చేయాలి. చివర కాగితం ముక్క లేకుండా ఆ పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. ఇక ఆ ఎనిమిదిమందిలో ఎనిమిదోవాడి పని ఒక్కటే: మధ్యమధ్యలో అడ్డమైన మాటలూ మాట్లాడి అవధాని ధ్యాస చెడగొట్టడం. దానికి అప్రస్తుత ప్రసంగమని గౌరవంగా పేరు పెట్టారు పెద్దలు. ఆ కుర్చీ చాలా ఏళ్ళుగా నాది. నాకు మందుల కొట్టు ఉంది. పొద్దున మందులమ్మి సాయంత్రం తలనొప్పి తెప్పిస్తానని మా ఆవిడ అంటుంది.

పోయిన చలికాలం ఒక కాలేజీలో ఊర్మిళ అవధానం చేసింది. ధారణలో మూడో పద్యం దగ్గర ఆగింది. కళ్ళు పైకెత్తి కాసేపు అలా ఉండిపోయి, తర్వాత ఆ పద్యమూ మిగిలినవీ అక్షరం పొల్లుపోకుండా చెప్పేసింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అదేమీ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎవరో మహానుభావుడు ఆ ఆగిన ముక్క ఒక్కటే కోసి, ఫోనులో వీడియో రానప్పుడు తిరిగే చక్రాన్ని ఆ పిల్ల నుదుటి మీద అతికించి, వెనక కప్పల బెకబెకలు పెట్టి, కింద 'సర్వర్ డౌన్' అని రాసి లోకం మీదికి వదిలాడు. లక్షలమంది చూశారు. హాస్టల్లో ఆమె ఎదురైతే నుదుటి దగ్గర వేలు గుండ్రంగా తిప్పి నవ్వడం మొదలైంది. కూరగాయల బజార్లో ముక్కూ మొహం తెలియనివాడు కూడా తిప్పాడట. ఆ వేళ్ళు విరగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. వచ్చి ఏం లాభం, నా ఫోనుకు కూడా ఆ వీడియో నలుగురు స్నేహితులు పంపారు.

వేసవిలో సొంత ఊళ్ళో ఆమె అవధానం ఏర్పాటయింది. సభ వారం రోజుల్లో ఉందనగా ఊర్మిళ మాస్టారి ఇంటికి వచ్చింది. ఆయనకు బీపీ మాత్రలు ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి నిలబడే అడిగింది.

"మాస్టారూ, విస్తరి నిండా వడ్డిస్తే ఒక్క మెతుకు ఏరి, దాన్ని వీధిలో పారేసి నవ్వేవాళ్ళకి మనం ఎందుకు వండాలండీ?"

జవాబు కోసం కూడా ఆగలేదు. ఊర్మిళ తనే చెప్పుకుపోయింది. ఇప్పుడు ఎవరికీ పద్యం అక్కర్లేదు, అర నిమిషం నవ్వు కావాలి. వినడానికి వచ్చినవాళ్ళు కూడా ఫోను అడ్డం పెట్టుకుని ఎక్కడ తప్పుతుందా అని చూస్తున్నారు. అందుచేత ఈ సభలో ఫోన్లన్నీ బయట పెట్టించాలి. తలుపులు మూయించాలి. ఎనిమిదో కుర్చీ తీసేయాలి, ఎందుకంటే జనం కోసుకుపోయే ముక్కలు ఎక్కువగా అక్కడివే. అలా కుదరదంటే తను సభకు రాదు. పరీక్షలు రాసుకుని, ఏదో ఉద్యోగం చూసుకుని, పద్యం జోలికి ఇక పోదు. ఇంత చెప్పి నా వైపు తిరిగి, ఏమీ అనుకోకండి బాబాయ్ అంది. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా తల్లీ అన్నాను నేను. ఆ ఎలకల్లో నేనూ ఒకణ్ణని అప్పటికి గుర్తు రాలేదు.

మాస్టారు మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి "అలాగే" అన్నారు. నా గుండెల్లో రాయి పడింది. కుర్చీ పోయినందుకు కొంత, ఆ మాట విన్నందుకు మరికొంత. సభకు ముందు గురువారం నాడు ఒకసారి అలా చేసి చూద్దామని కూడా ఆయనే అన్నారు.

గురువారం మధ్యాహ్నం చేనేత సొసైటీ మేడ మీద హాల్లో చేరాం. ఊర్మిళే వెదురు బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి అందరి ఫోన్లూ వేయించుకుంది. ఆటోల చప్పుడు రాకుండా కిటికీలు కూడా మూసింది. నా కుర్చీ మడిచి గోడకు ఆనించి ఉంది. నోరెత్తనని మాట తీసుకుని నన్ను వెనక బెంచీ మీద కూచోనిచ్చారు. నా జన్మలో అంత కష్టమైన ప్రసంగం నేను చేయలేదు. పైన ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ, అది వేడిని ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తోంది.

మొదటి చుట్టు బాగానే జరిగింది. ఏడుగురికీ ఏడు జవాబులు చెప్పింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. రెండో చుట్టులో నరహరిగారి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నరహరిగారు రిటైరైన తెలుగు లెక్చరరు, అక్షరాలు నిషేధించే పని ఆయనది. ఏ అక్షరానికి అడ్డుపడదామా అని ఆలోచిస్తూ ఆయన అగ్గిపుల్ల ఒకటి చెవిలో పెట్టి నిదానంగా తిప్పుకుంటున్నారు. ఊర్మిళ ఆ తిరిగే వేళ్ళనే చూస్తోంది.

"మీరు కూడానా, నరహరిగారూ?" అంది మెల్లగా.

ఆ పెద్దమనిషికి ఏమీ అర్థం కాలేదు. అగ్గిపుల్ల పట్టుకుని, చెవి దురదమ్మా, అని నీళ్ళు నమిలారు. ఊర్మిళ రెండు చేతులతో మొహం కప్పుకుంది. చెప్పిన మొదటి పాదాలన్నీ పోయినట్టున్నాయి. తలుపులు వేసినా వస్తోంది మాస్టారూ, అంటూ ఏడ్చింది. కోతిపుండు బ్రహ్మరాక్షసి కావడం అంటారే, అది కళ్ళెదుట చూశాను. ఒక ఫోనూ లేని గదిలో ఆ పిల్లకు అందరి చేతుల్లోనూ ఫోనే కనిపిస్తోంది. ఇక సభ లేదు, పద్యమూ లేదు అనుకున్నాను.

మాస్టారు లేచారు. ఓదారుస్తారనుకున్నాను. గోడకు ఆనించిన నా కుర్చీ తెచ్చి, విప్పి, వరసలో చివర వేసుకుని తనే కూచున్నారు. బుట్టలోంచి నా ఫోను తీసి ఆ ముక్క పెట్టమన్నారు. నేను కదల్లేదు. "పెట్టవయ్యా గరటయ్యా," అన్నారు మళ్ళీ, నన్ను పేరు పెట్టి పిలిచి. అది దొరకడానికి ఎంతసేపు పడుతుంది కనక! మూసిన గదిలో కప్పలు బెకబెకమన్నాయి. బయట విన్నదానికంటే రెట్టింపు గట్టిగా వినిపించాయి. మాస్టారు ఫోను అందరికీ కనబడేట్టు పట్టుకుని, అచ్చం నా గొంతుతో, నా సాగదీతతో మొదలుపెట్టారు.

"అవధానిగారూ, మా వీధిలో ఒకమ్మాయికి నుదుటి మీద చక్రం తిరుగుతోందండీ. ఏ డాక్టరుకి చూపించమంటారు?"

గురువైతే మాత్రం ఇంత కర్కశమా అని నాకు ఆయన మీద నిజంగానే కోపం వచ్చింది. నరహరిగారు తల దించుకున్నారు. ఊర్మిళ చేతులు తీసి ఆ కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీలోంచి మాట వస్తే అవధాని జవాబు చెప్పి తీరాలి. చెప్పాక అక్కడ నిలబడకూడదు. ఆ రెండూ ఆమెకు చిన్నప్పటి నుంచి వంటబట్టిన సంగతులు. చున్నీతో మొహం తుడుచుకుని గొంతు సవరించుకుంది.

"డాక్టరెందుకండీ? అది కుమ్మరి చక్రం. తిరుగుతుండగా చూసి వెళ్ళిపోయారు పాపం. కాసేపు ఆగితే కుండ చూసేవారు."

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆమె నరహరిగారి వైపు తిరిగి, మీ అక్షరం చెప్పండి అని అడిగింది. పోయాయనుకున్న పాదాలు ఎక్కడికీ పోలేదు. నరహరిగారు అగ్గిపుల్ల జేబులో పెట్టుకుని, ఈసారి దయాదాక్షిణ్యం లేకుండా అడ్డుపడ్డారు. ఆమె ఆ సందుల్లోంచే పాదం బయటికి లాగింది.

మాస్టారు ఊరుకోలేదు. మూడో చుట్టులో మళ్ళీ కప్పల్ని కూయించారు. సర్వర్ ఎప్పటికి బాగవుతుందని అడిగారు. లక్షలమంది చూశారు కదా, టిక్కెట్టు పెట్టి ఉంటే మేడ కట్టేదానివి అన్నారు. నేనైతే అంత దూరం వెళ్ళేవాణ్ణి కాదు. ఆమె ఒక్కో మాటకు ఒక్కో మాట విసిరి ముందుకు పోతోంది. నాలుగో చుట్టులో ఆయన మళ్ళీ నుదుటి చక్రం ఎత్తేసరికి ఊర్మిళ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది.

"మీరింకా అక్కడే ఉన్నారా అండీ? నేను ఆఖరి పాదానికి వచ్చేశాను."

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వినవారు మాస్టారే. ధారణ మొదలైంది. మొదటి పద్యం, రెండో పద్యం ధారగా వచ్చాయి. మూడోదాని దగ్గర ఆమె ఆగింది. కళ్ళు పైకెత్తింది, అచ్చం ఆ వేళ కాలేజీలో ఎత్తినట్టే. ఆ నిశ్శబ్దంలో మాస్టారు ఫోను మీద వేలు పెట్టారు. కప్పలు కూశాయి. ఫోనులో ఊర్మిళా, ఎదుట ఊర్మిళా ఒకే రకంగా పైకి చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు, మా మొహాలు చూడలేదు, తన పద్యం కోసం తను ఆగింది. ఫోనులో పిల్ల అక్కడే ఉండిపోయింది. ఎదుటి పిల్ల పద్యం ఎత్తుకుంది. చివరిదాకా చెప్పేసింది. నా కళ్ళు తడిశాయని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆదివారం సభ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. గుమ్మంలో బుట్ట లేదు. నా కుర్చీ నాకు వచ్చింది. ఆ సభలోంచి కూడా జనం కోసుకుపోయింది ఎనిమిదో కుర్చీ ముక్కే, పద్యాలు కావు. లోకం మారిపోయిందని నేను అబద్ధం చెప్పను. ఎవరో ఆ ముక్క చూపించబోతే ఊర్మిళ, తర్వాత చూస్తానండీ అని చెప్పి పుస్తకం తెరిచింది. పై నెలలో మరో అవధానం ఒప్పుకుంది. కానీ నేను చెప్పదలుచుకున్నది సభ గురించి కాదు, గురువారం ధారణ ముగిశాక జరిగినదాని గురించి.

అందరం చప్పట్లు కొడుతుంటే మాస్టారు మాత్రం నా కుర్చీలో అలిగినవాడిలా మొహం పెట్టుకుని కూచున్నారు.

"అందరివీ అప్పజెప్పావు. నేను ఇంతసేపు గొంతు చించుకున్నాను, నా మాట ఒక్కటీ రాలేదేమమ్మాయ్?"

"ఎనిమిదో కుర్చీకి ధారణ ఉండదు కదండీ," అంది ఊర్మిళ.

అనేసి, ఆ మాట ఇంకెవరో తనతో అన్నట్టు అలాగే నిలబడిపోయింది. మాస్టారు లేచి నా ఫోను నా చేతిలో పెట్టారు. చెమటకు అంటుకుపోయిన జుబ్బాను మెడ దగ్గర పట్టుకుని విసురుకున్నారు.

"మరైతే ఆ తలుపులు తియ్యమ్మా. ఉక్కపోస్తోంది."