ఎనిమిదో కుర్చీ

సోమయాజులు గారిని ప్రశ్న అడిగితే ముందు మజ్జిగ వస్తుంది, జవాబు తరవాతెప్పుడో వస్తుంది. ఎనిమిది మంది ఒకేసారి అడిగేవాటికి నిండు సభలో తొణక్కుండా జవాబు చెప్పే విద్య, అవధానం, ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. హిమజకీ తెలుసు. అయినా ఆవేళ గ్లాసు పక్కన పెట్టేసి మరీ అడిగింది.

"మాస్టారూ, ఆదివారం నా మొదటి అవధానం. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఒకరు గంటలు కొడతారు. ఏడుగురు ఏడు వైపుల నుంచీ మీద పడితే ఎలాగో నెగ్గుకొస్తాను. మధ్యలో ఆ ఎనిమిదో ఆయన ఎందుకండీ? పద్యం నోటిదాకా వచ్చేసరికి 'అమ్మాయ్, దోసెకి చిల్లులెందుకు?' అంటాడు. నవ్వులపాలైతే నన్ను మళ్లీ ఎవరు పిలుస్తారు? ఆ అప్రస్తుత ప్రసంగం కుర్చీ తీసెయ్యమని సభవాళ్లకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"వాగు పొంగిన ఏడు నువ్వీ ఊళ్లో లేవు కదూ?" అన్నారాయన.

ఆ ఏడు వాగు కాలనీలోకి వచ్చేసింది. కింది వాటాలు మునిగాయి. కరెంటు పోయింది, దాని వెనకే మోటార్లూ ఫోన్లూ పోయాయి. ఇవి చాలవన్నట్టు ఓ కరెంటు తీగ తెగి వీధి నీళ్లలో పడింది. మలుపు దాకా వచ్చిన పడవ ఆ తీగని చూసి అక్కడే ఆగిపోయింది. సోమయాజులు గారి పక్క వాటాలో మూడేళ్ల పాప ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆస్పత్రికి చేర్చాలంటే ఆ పడవ ఒక్కటే దిక్కు.

అపార్ట్‌మెంటు సెక్రటరీ పరాంకుశం గారు పద్ధతి గల మనిషి. "ఒకదాని తరవాత ఒకటి. ముందు నీళ్ల సంగతి తేలుద్దాం" అని అందర్నీ మెట్ల మీద వరసగా నిలబెట్టి బకెట్లతో తోడించారు. తోడిన నీళ్లు వీధి చూసొచ్చి మళ్లీ అదే మెట్టెక్కాయి.

ఇంతలో బాల్కనీలోంచి గవర్రాజు కేక. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు గానీ ఆయన గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"వదినగారూ! ఇవాళ ఏం కూరండీ?"

"బుద్ధుందా మీకు? పిల్ల అలా ఉంటే కూరా?" అని పరాంకుశం గారు బకెట్ ఎత్తారు.

పక్క మేడ ఆవిడ అప్పటికే అందుకుంది. "కూరా నా మొహమా! గ్యాసుంది, కూరముక్క లేదు. బంగాళాదుంపలు అవతలి మేడవాళ్ల దగ్గరున్నాయట."

"అయితే వాళ్లనీ అడగండి, ఏం కూరో!"

ఆ ప్రశ్న మేడ నుంచి మేడకి వీధి చివరిదాకా నడిచింది. దారిలో ఎవరో వంకాయని తిట్టారు. ఎవరో పూటపూటా అటుకులేనని ఏడ్చారు. ఆఖరి మేడ నుంచి జవాబు తిరిగొచ్చింది.

"పప్పుచారు! నీళ్లెక్కువ పోశాం. పొద్దున్నుంచీ లైన్‌మన్ మా ఇంట్లో చిక్కుకుపోయాడు, ఆయనకీ పెట్టాలిగా!"

బకెట్లు ఆగాయి. "తీగ! ఆ తీగ సంగతి అడగండి!" అని పాప తల్లి అరిచింది.

తీగలో కరెంటు లేదు. తెల్లారగానే తీసేసింది ఆ లైన్‌మనే. పడవ దానికోసం ఆగిందని ఆయనకి తెలిస్తేగా! నడుముకి తాడు కట్టించుకుని నీళ్లలోకి దిగి, తీగని చేత్తో పైకెత్తి చూపించాడు. గవర్రాజు మలుపు వైపు తిరిగి "రైట్ రైట్!" అని అరిచాడు. పడవ కదిలింది. పాప వారం తిరక్కుండా ఇంటికొచ్చి గవర్రాజు మీసం పట్టుకు లాగింది.

హిమజ నవ్వింది. "అంటే, కబురు రాబట్టడానికే ఆయన అలా అడిగారన్నమాట."

"ఛ ఛ, కూర కోసమే అడిగాడు. ఆ పూట వాళ్లావిడ పచ్చడి మెతుకులు పెట్టింది."

హిమజ ఫోన్ సంచీలో పెట్టేసింది. కానీ ఊరుకోలేకపోయింది. "ఏమో మాస్టారూ. 'అందరూ క్షేమమేనా?' అని ఒక్క కేక వేసినా సరిపోయేది కదా?"

సోమయాజులు గారు మజ్జిగ గ్లాసు ఆమె వైపు జరిపారు.

"పొద్దున్నే పరాంకుశం గారు ఆ కేక వేశారమ్మా. అందరూ క్షేమమే అన్నారు."