రెండు పిడుల బ్రేకు

గుట్ట మీది ఊరికి ఆ ఏడు ఇద్దరు పెద్దలు ఎన్నికయ్యారు. ఓట్లు సరిసమానంగా పడ్డాయి. ఎవరినీ కాదనలేక ఊరు ఇద్దరినీ ఉండమంది. ఇద్దరూ కలిసి తిరగడానికి ఒకటే సైకిలు తెప్పించారు. దానికి రెండు సీట్లు, రెండు హ్యాండిళ్లు, రెండు జతల పెడళ్లు ఉన్నాయి. బ్రేకులు మాత్రం లేవు.

ఊళ్లోంచి సంతకు దిగే దారి నిట్టనిలువు. సంత దాటగానే అంతే ఎత్తున ఎదురుగుట్ట. అందుకని బ్రేకులు కట్టమని సైకిళ్లు బాగుచేసే సుంకన్నను పిలిపించారు.

బ్రేకు పిడులు ఎక్కడైనా ముందు కూర్చున్నవాడి చేతిలోనే ఉంటాయని సుంకన్న చెప్పాడు. వెనక పెద్ద ఒప్పుకోలేదు. తనకు దారి కనబడదు కాబట్టి భయమంతా తనదేననీ, భయపడేవాడి చేతిలోనే బ్రేకు ఉండాలనీ వాదించాడు. దారి కనబడేది తనకే గనక ఎక్కడ ఆగాలో తనకే తెలుస్తుందన్నాడు ముందు పెద్ద. పోనీ చెరొకటి పెడతానన్నాడు సుంకన్న. అలాగైతే ఒకరి బుద్ధికి ఇంకొకరు ఆగవలసి వస్తుందని ఇద్దరూ అడ్డం తిరిగారు. చివరికి సభ పెట్టి తీర్మానం చేశారు. ఇద్దరూ ఒకేసారి నొక్కితేనే బ్రేకు పడాలి.

సుంకన్న మూడు రోజులు కూర్చుని ఒకే వైరును రెండు పిడుల గుండా లాగాడు. ఒక పిడి నొక్కితే రబ్బరు రిమ్ము దాకా వచ్చి ఆగిపోతుంది. రెండూ నొక్కితే కరుచుకుంటుంది. ఇలాంటి పని తగదని మనసులో పీకుతూనే ఉంది. అయినా అది అంత చక్కగా కుదిరేసరికి లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా.

మర్నాడు పెద్దలు సైకిలెక్కి దిగారు. సగం దారిలో ముందు పెద్ద ఆగుదామన్నాడు. ఎందుకో చెప్పమన్నాడు వెనక పెద్ద. చెప్పడం పూర్తయ్యేలోపు సంత దాటిపోయింది. సైకిలు ఎదురుగుట్ట ఎక్కి, పైన రెప్పపాటు నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఇప్పుడు వెనక పెద్దే ముందయ్యాడు. ఆగుదామని అతనన్నాడు. ఎందుకో చెప్పమని రెండో ఆయన అడిగాడు. అలా మళ్లీ ఊళ్లోకి ఎక్కి, మళ్లీ దిగారు. తొక్కడంలో మాత్రం ఇద్దరికీ ఏ పేచీ లేదు. అందుకే సైకిలుకు ఊపు తగ్గలేదు.

వారం తిరిగేసరికి జనం అలవాటు పడ్డారు. పైన సైకిలు నిలిచే ఆ రెప్పపాటులో సంతకాలు పెట్టించుకునేవారు, అన్నం డబ్బాలు అందించేవారు. ఊళ్లో పనులు ఇంత చురుగ్గా ఎన్నడూ సాగలేదని కొందరు మెచ్చుకున్నారు కూడా.

తొమ్మిదో రోజు సంతలో టమాటాలు ఏరుకుంటున్న సుంకన్న భార్య ఈరమ్మను ఆ సైకిలు గుద్దింది. మణికట్టు విరిగింది. సుంకన్న బద్దలు పెట్టి కట్టు కడుతుంటే ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"బిగించింది నువ్వే కదా. పోయి ఆపు" అంది.

పొద్దున్నే సుంకన్న ఊరి అంచున కాచుకున్నాడు. సైకిలు వెనక్కి వెనక్కి ఎక్కి వచ్చి నిలవగానే రెండు చేతులా క్యారియర్ పట్టుకున్నాడు. కాళ్ల కింద గులకరాళ్లు జారాయి గానీ పట్టు వదల్లేదు. వాళ్లు సైకిలెక్కాక ఇంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదలు. గడ్డాలు మాసిపోయాయి, పాదాలు వాచిపోయాయి. కోపంతో వచ్చినవాడికి జాలి వేసింది.

"అయ్యా, ఆగింది. దిగండి" అన్నాడు.

"ఎవరు ఆపమన్నారు?" అన్నాడు ముందు పెద్ద.

"తీర్మానం ఏదీ?" అన్నాడు వెనక పెద్ద.

సుంకన్న తన భార్య చెయ్యి విరిగిన సంగతి చెప్పాడు. ఇద్దరూ అయ్యో పాపం అన్నారు. అర్జీ రాసి ఇస్తే చూస్తామన్నారు. అతను కదల్లేదు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఒళ్లు మండింది.

"వదులు" అన్నారు ఒక్క గొంతుతో.

ఆ కోపంలో నాలుగు పిడికిళ్లూ బిగుసుకున్నాయి. సుంకన్న వదిలేశాడు. సైకిలు కదల్లేదు. రబ్బర్లు రిమ్మును కరుచుకుని, ఆ ఏటవాలు మీద అది గుంజకు కట్టేసినట్టు నిలబడింది. ఇళ్లలోంచి జనం బయటికి వచ్చారు. ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. దిగడానికి సాయంగా ఉంటుందని సుంకన్న తన భుజం వంచాడు.

ముందు పెద్ద మెడ తిప్పి వెనక్కి చూశాడు.

"నన్నడక్కుండా నువ్వెందుకు నొక్కావు?"

"నేను నొక్కలేదు. నువ్వే నొక్కావు."

"నేనూ నొక్కలేదు."

చుట్టూ ఊరంతా చూస్తోంది. తమ తప్పేమీ లేదని చూపించడానికి ఇద్దరూ ఒక్కసారే చేతులెత్తేశారు.